బాలలకు బొమ్మల జీవిత చరిత్రలు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గచ్చిబౌలిలో, జనులు సెంట్రల్ యూనివర్సిటీ అని పిలుచు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు పోవు దారికి ప్రొఫెసర్ సి. ఆర్. రావు రోడ్డు అని పేరు. ఉదయము ఎనిమిది గంటలవేళ ఆ దారిని నిలిచి చూచువారికి సాఫ్ట్‌వేర్ కార్యాలయములకు పోవు కార్లును, పిల్లలతో నిండిన పసుపుపచ్చని బడి బస్సులును ఎడతెగక కనిపించును. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు రాతిగుట్టల నడుమ ఒక కొత్త నగరము లేచినది. ఆ నగరమునకు పనిముట్టు కంప్యూటరు, ముడిసరుకు అంకెలు. అంకెలనుండి నిజమును రాబట్టు శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ఒకరైన తెలుగువారి పేరు అచ్చటి దారికి ఉండుట ఎంతయు తగియున్నది. అయితే ఆ పేరు ఎవరిదో ఆ బస్సులలో పోవు పిల్లలకు తెలియునా?

గడచిన వేసవిలో ఒక ఆదివారమునాడు మేము ఆ దారికి చేరువనున్న బంధువుల ఇంటికి వెళ్ళితిమి. వారిది ఎత్తైన భవనములో పదునాలుగవ అంతస్తు. రెండవ తరగతి చదువుచున్న బాలుడు మా చేయి పట్టుకొని తన పుస్తకముల అర యొద్దకు తీసికొనిపోయెను. అందు ఇంగ్లీషున అచ్చయిన బొమ్మల జీవిత చరిత్రలు ఇరువదికి తక్కువ లేవు. 1932లో అట్లాంటిక్ మహాసముద్రమును విమానముపై ఒంటరిగా దాటిన అమీలియా ఇయర్‌హార్టును గూర్చి అతడు ఊపిరి తీయక చెప్పెను. ఆమె విమానము ఎఱ్ఱనిదని కూడ చెప్పెను. మేము సంతసించి, “మీ బడి బస్సు రోజూ వెళ్ళే దారి పేరేమిటి?” అని అడిగితిమి. తడుముకొనక చెప్పెను. “ఆ రావుగారు ఎవరు?” అని అడుగగా, “అది రోడ్డు పేరు మామయ్యా, మనిషి పేరు కాదు” అని బదులు చెప్పెను.

ఆ గదిలోనే కిటికీ ప్రక్కన బాలుని నాయనమ్మ కూర్చుండి తెలుగు దినపత్రికను మొదటి పుటనుండి చివరి పుటవఱకు చదువుచుండెను. ఆమెది నందిగామ ప్రాంతము. మనుమనికి తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఆమెకు తెలుగు చక్కగా చదువుట వచ్చును, ఇంగ్లీషు రాదు. బాలుడు బడినుండి వచ్చిన తరువాత పొద్దు క్రుంకువఱకు ఇంట వారిరువురే యుందురు. అతడు పుస్తకము తెచ్చి ఒడిలో పెట్టి, “చదువు నాయనమ్మా” అనును. ఆమె బొమ్మలు చూచి, పుటలు త్రిప్పి, “బాగుందిరా” అని తిరిగి ఇచ్చును. ఈ సంగతి ఆమె మాతో నవ్వుచునే చెప్పినది. కాని తిరిగి వచ్చునపుడు దారి పొడవునను మేము దానినే తలపోసితిమి.

నేటి మా ప్రసంగమునకు ఆ ఆదివారమే కారణము. ఇంగ్లీషు పుస్తకములపై మాకు కోపము లేదు. ఆ బాలుడు అమీలియాను ఎఱుగుట మంచిదే, సాహసమునకు దేశమేమి? తల్లిదండ్రులను తప్పుపట్టుటకును మేము పూనుకొనలేదు; పిల్లలకు మంచి పుస్తకము కావలెనని వెదకి కొన్నవారు వారే. మా ప్రశ్న వేరు. మన నడుమ పుట్టి, మన ఊళ్ళలో చదివి, లోకమునకు ఉపకారము చేసినవారి కథను, బొమ్మలతో, తెలుగులో, ఒక నాయనమ్మ తన మనుమనికి చదివి వినిపింపదగినట్లు మనము ఎందఱిని గూర్చి తయారుచేసితిమి? చేయుటకు అడ్డమేమి? చేసినచో ఎట్లు చేయవలెను?

మొదట ఈ పుస్తకము స్వరూపమేమో చూతము. బొమ్మల జీవిత చరిత్ర సాధారణముగ 32 పుటలలో ముగియును. ఇందుకు కారణము సాహిత్య నియమము కాదు, ముద్రణాలయపు లెక్క. ఒక పెద్ద కాగితమును రెండు వైపుల అచ్చువేసి మడిచినపుడు 8 గాని, 16 గాని, 32 గాని పుటలు ఏర్పడును. ఆ లెక్కకు లోబడిననే కాగితము వ్యర్థము కాదు. లోపలి ముఖపత్రము మొదలైనవి పోగా కథకు మిగులునవి పండ్రెండు పదమూడు జంటపుటలు. ఒక్కొక్క జంటపుటకు మూడు నాలుగు వాక్యములకంటె ఎక్కువ పట్టవు. తొంబదియేండ్ల బ్రతుకునైనను, యుద్ధములనైనను, శాస్త్రములనైనను ఆ పండ్రెండు చూపులలోనే ఇమిడ్చి చెప్పవలెను. చిన్న పుస్తకము వ్రాయుట తేలికయని తలచువారు ఈ లెక్కను మఱచుచున్నారు.

పిల్లలకు బొమ్మ చూపి పాఠము చెప్పవలెనను ఆలోచన యూరపులో పాతది. కొమీనియస్ అను విద్యావేత్త 1658లో లోకములోని వస్తువులను బొమ్మలు వేయించి, వాటి పేర్లను లాటినులోను జర్మనులోను ప్రక్కప్రక్కన అచ్చువేయించెను. మహాపురుషుల కథలు ఆ రూపమునకు వచ్చుటకు చాల కాలము పట్టినది. అమెరికాలో స్థిరపడిన డోలేర్ దంపతులు అబ్రహాము లింకను జీవితమును శిలాముద్రణ పద్ధతిలో తామే బొమ్మలు వేసి 1939లో వెలువరించిరి. ఆ దేశమున బొమ్మల పుస్తకములకిచ్చు కాల్డికాట్ పతకము 1940లో దానికి లభించినది.

ఇచ్చట మన హైదరాబాదువారు గర్వింపదగిన సంగతి ఒకటి కలదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును 1906లో ఈ నగరముననే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. ఆ మండలి వెలువరించిన తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. డోలేర్ దంపతులకు మూడు దశాబ్దములు ముందే, ఆ లింకనునే, తెలుగువారు తమ విజ్ఞాన ప్రచారమునకు ముంగిట నిలుపుకొనిరి. లక్ష్మణరావుగారి సోదరి భండారు అచ్చమాంబగారు అంతకు ముందే అబలాసచ్చరిత్ర రత్నమాలయను పేర స్త్రీల చరిత్రలను కూర్చిరి. జీవిత చరిత్ర చదివి మనిషి మాఱునను నమ్మకము మనకు కొత్తది కాదు. అయితే ఆ గ్రంథములు చదువ నేర్చిన పెద్దలకొఱకు వ్రాసినవి. అక్షరములు దిద్దుచున్న పిల్లవానికి అవి అందవు.

పిల్లలకొఱకు పనిచేసినవారును మనకు లేకపోలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని తెలుగునాట పిల్లలు పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ఆరంభించిరి. 1947లో ‘చందమామ’ వచ్చినది. ఈ రెండింటితో బొమ్మయు కథయు కలిసి తెలుగు పిల్లవాని చేతికి అందినవి. 1967లో అనంత్ పై గారు బొంబాయిలో ‘అమర చిత్రకథ’ను ఆరంభించిరి. ఢిల్లీ టెలివిజనులో జరిగిన ప్రశ్నల పోటీలో పిల్లలు గ్రీకు పురాణములను గూర్చి జవాబులు చెప్పగలిగియు రాముని తల్లి పేరు చెప్పలేకపోవుట చూచి ఆయన ఈ పనికి పూనుకొనిరని ప్రసిద్ధి. శ్రీకృష్ణదేవరాయలు, తెనాలి రామలింగడు మొదలైనవారు ఆ పుస్తకములలో బొమ్మలై నిలిచిరి. అందులో అనేకము తెలుగులోను వచ్చినవి. మా తరమువారు రైలు ప్రయాణములలో చదివిన చరిత్ర చాలవఱకు ఇదియే.

ఆ మేలు మఱువకయే ఒక మాట చెప్పవలెను. ఆ బొమ్మలలో వీరులకు తెల్లని మేనిచాయ, దుష్టులకు నల్లని చాయ వేయు అలవాటును తరువాతి పరిశోధకులు విమర్శించిరి. విమర్శ న్యాయమైనదే. పుటలోని మాటలలో ఎవరును “నల్లనివాడు చెడ్డవాడు” అని వ్రాసియుండరు. వ్రాసినచో తల్లిదండ్రులు ఊరకుందురా? కాని బొమ్మ ఆ మాటను చప్పుడు చేయకుండ చెప్పినది. చదువురాని పిల్లవానికి సయితము చెప్పినది. బొమ్మల జీవిత చరిత్రలో చిత్రకారుని బాధ్యత రచయిత బాధ్యతకంటె ఒక వీసమైనను తక్కువ కాదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమేల?

మన నేలలోని చిత్రకళ ఈ పనికి చాలునా అని సందేహించువారు సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటములను చూడవలెను. ఎఱ్ఱని నేపథ్యముపై ఒకదానిక్రింద ఒకటిగా గళ్ళు గీసి, గాథనంతయు ఆ గుడ్డపై చిత్రించెదరు. కూనపులివారు పద్మశాలీల కులగాథను అట్టి పటము వ్రేలాడగట్టి, బొమ్మను చూపుచు, పాడుచు చెప్పుట ఆచారము. చిత్రము కంటికి, కంఠము చెవికి. ఒకరు చూపి చెప్పుచుండగా పదిమంది చూచుచు వినుట అను పద్ధతి మన పల్లెలలో ఎన్నడో స్థిరపడినది. ఇటీవల అనగా 2011లో, దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అను గోండు చిత్రకారులు డాక్టర్ అంబేద్కరు జీవితమును ‘భీమాయన’ అను పేర చిత్రించిరి. వారు పాశ్చాత్య చిత్రకథలలోని చతురస్రపు గళ్ళను విడిచి, తమ గోండు రీతిలోనే పుటను అలంకరించిరి. మెత్తని మాటలు పలుకువారి పలుకులను పక్షి ఆకారములోను, విషము చిమ్మువారి పలుకులను తేలు కొండి ఆకారములోను చూపిరి. ఏడేండ్ల పిల్లకు సయితము ఆ భేదము వివరింప నక్కరలేదు.

ఇక ఈ పుస్తకములకు ప్రాణమైన సత్యమును గూర్చి చెప్పెదము. జార్జి వాషింగ్టన్ బాల్యమున చెఱ్ఱీ చెట్టును నఱికి, తండ్రి అడుగగా అబద్ధమాడక ఒప్పుకొన్నాడను కథ మన పాఠ్యపుస్తకములలో సయితము కనిపించును. ఆ కథను మేసన్ వీమ్స్ అను ఆయన తన గ్రంథపు 1806నాటి కూర్పులో చేర్చెను. దానికి ఆధారము లేదని చరిత్రకారులు తేల్చిరి. సత్యము పలుకుమని పిల్లలకు బోధించుటకు అసత్యమును కల్పించుట ఎంత విడ్డూరము! పెద్దవాడైనపిమ్మట ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆ కథతోపాటు తక్కిన కథలను కూడ సందేహించును. జీవిత చరిత్ర వ్రాయువాడు పిల్లలకే గదాయని కల్పించినచో, పిల్లలు తనయందుంచిన నమ్మకమును ఖర్చు చేయుచున్నాడు.

బొమ్మ వేయువానికి ఈ చిక్కు మఱింత గట్టిది. “ఆమె దీపము వెలిగించెను” అని వ్రాసి రచయిత తప్పించుకొనగలడు. చిత్రకారుడు ఆ దీపము ప్రమిదయో, బుడ్డియో, లాంతరో నిశ్చయింపవలెను. ఆమె కట్టిన చీర, వెనుకనున్న గోడ, పిల్లవాడు కూర్చున్న చాప అన్నియు గీయవలెను. ప్రతి గీతయు ఒక సాక్ష్యమే. అందుచే మంచి చిత్రకారుడు కుంచె పట్టుటకు ముందు ఆ ఊరికి వెళ్ళి, పాత ఛాయాచిత్రములు చూచి, వృద్ధులను అడుగును. ఖర్చులో సగము ఈ వెదకుటకే పోవుననినను అతిశయోక్తి కాదు.

దీపము మాట ఊరక ఎత్తలేదు. గచ్చిబౌలి దారికి పేరిచ్చిన రావుగారి కథ దీపముతోనే మొదలగును. వారి పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920 సెప్టెంబరు 10వ తేదీన నాటి మదరాసు రాజధానిలోని హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవారు. దేవకికి ఎనిమిదవ బిడ్డ కృష్ణుడు గనుక ఆ పేరు పెట్టిరి. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి; బదిలీలు తప్పవు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణము, ఇట్లు ఊరు మాఱినప్పుడెల్ల బడి మాఱెను. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి, చదువుకొనుమని కూర్చుండబెట్టెడివారు. తన జ్ఞానతృష్ణకు ఆ తల్లియే కారణమని పెద్దవారైన తరువాత రావుగారు తమ గ్రంథములో వ్రాసికొనిరి. మొదటి జంటపుటకు ఇంతకంటె ఏమి కావలెను? చుట్టును చీకటి, నడుమ చిన్న వెలుగు, తల్లి చేయి, పలకపై అంకెలు.

రెండవ ముఖ్యమైన పుట ఓటమిది కావలెనని మా కోరిక. రావుగారు 1940లో గణితమున ఎం. ఏ. పట్టము పొందిరి. యుద్ధకాలము. సైన్యపు సర్వే విభాగములో ఉద్యోగముకొఱకు కలకత్తా వెళ్ళిరి. ఆ ఉద్యోగము రాలేదు. అచ్చట బసలో కలిసిన ఒకరు తాము భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుచున్నామని చెప్పగా, రావుగారు ఆ సంస్థను చూడబోయి, 1941 జనవరి 1వ తేదీన అందులో చేరిరి. ఉద్యోగము దొరకని దినమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. మన పిల్లల పుస్తకములలో మహాపురుషులు తొట్టిలోనే మహాపురుషులుగ కనిపింతురు. ఎన్నడును తప్పిపోరు, ఏడువరు. అట్టివారిని చూచి పిల్లవాడు నమస్కరించునేగాని, “నేనును ప్రయత్నించెదను” అని అనుకొనడు. పరీక్షలో మార్కులు తగ్గి ముఖము దాచుకొను పిల్లలు ఈ కొత్త నగరమున ఎందఱున్నారో తల్లిదండ్రులెఱుగుదురు. వారికి కలకత్తా పుట మిక్కిలి అవసరము.

“మఱి ఆయన చేసిన పని ఏమి? గణాంక శాస్త్రమును ఏడేండ్ల పిల్లవానికి చెప్పుట ఎట్లు?” అని అడుగవచ్చును. వంటయింటిలోనికి పోయి చెప్పవచ్చునని మేము అందుము. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు గిన్నెడు అన్నమును పిసికి చూడదు. ఒక మెతుకు పట్టి చూచును. ఆ కొద్దిని చూచి మొత్తమును గూర్చి చెప్పుట ఎంతవఱకు చెల్లును? పొరపాటు ఎంత ఉండవచ్చును? గణాంక శాస్త్రములోని ప్రశ్నలు ఇట్టివే. 1940ల నడుమ రావుగారు కలకత్తాలో పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి ఇట్టి పొరపాటును గూర్చి ప్రశ్న అడిగెను. రావుగారు ఆ రాత్రి కూర్చుండి దానిని సాధించి, మఱునాడు తరగతికి జవాబుతో వచ్చిరి. నియమబద్ధముగ ఎంత నేర్పుతో అంచనా వేసినను పొరపాటు ఒక హద్దునకు దిగువకు పోదని దాని తాత్పర్యము. అది 1945లో అచ్చయినది. స్వీడను దేశపు క్రామెర్ కూడ స్వతంత్రముగ అచ్చటికే చేరుటచే దానికి ‘క్రామెర్–రావు హద్దు’ అని జంట పేరు నిలిచినది. ప్రశ్న అడిగిన విద్యార్థిని కూడ బొమ్మలో చూపవలెను. అడుగుట తప్పు కాదని పిల్లలు తెలిసికొందురు.

తరువాతి పుటలు వాటంతట అవియే వచ్చును. కేంబ్రిడ్జిలోని మ్యూజియములో సూడాను దేశమున త్రవ్వితీసిన ప్రాచీన మానవుల ఎముకలను కొలుచుచు, వారు ఎవరికి చుట్టములో అంకెలతో తేల్చుచున్న యువకుడొక పుట. పిల్లలకు ఎముకలనగా ఎంత ఆసక్తియో చెప్పనక్కరలేదు. 1948లో ఫిషర్ మహాశయునికడ డాక్టరు పట్టము, పలు దశాబ్దములు భారత గణాంక సంస్థలో అధ్యాపనము, పిదప అమెరికా. 2001లో పద్మవిభూషణ బిరుదము. కడపటి పుటలో 2023. ఆ యేట అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించినది. అందుకు ముఖ్యకారణము 1945నాటి ఆ వ్యాసమే. అప్పటికి ఆయనకు 102 ఏండ్లు. ఆగస్టు 22వ తేదీన ఆయన కన్నుమూసిరి. డెబ్బదియెనిమిది సంవత్సరములు వేచియున్న బహుమతిని చూచిన పిల్లవానికి ఓర్పు అను మాటకు వేఱు అర్థము చెప్పనక్కరలేదు.

రావుగారిని ఉదాహరణముగ మాత్రమే చెప్పితిమి. ఈ నగరమున ఇట్టి కథలు వీథికొకటి దొరకును. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నది సికిందరాబాదులో. హయత్‌నగరునకు పేరిచ్చిన హయాత్ బక్షీ బేగము గోలకొండ సుల్తానుల రాజ్యమున మాట చెల్లించుకొన్న స్త్రీ. నిజాముల కాలమున అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలకొఱకు ఈ ఊర పాఠశాలలు తెఱచినవారు భాగ్యరెడ్డివర్మగారు. పాలకుర్తిలో తన చేని పంటను దొరకు విడువక నిలిచిన చాకలి ఐలమ్మ పేరును ఈ నగరపు మహిళా విశ్వవిద్యాలయము నేడు ధరించియున్నది. రాజులను మాత్రమే బొమ్మలు వేసిన కాలము గడచినది. చాకలి పనిచేసిన స్త్రీయు, బడి పెట్టిన మనిషియు, లెక్క చేసిన పండితుడును ఒకే అరలో ప్రక్కప్రక్కన నిలువవలెను.

ఈ దారిని నడచుచున్నవారు నేడును కలరు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు దేశభాషలలో బాలల పుస్తకములు వెలువరించుచున్నది. సికిందరాబాదులోని ‘మంచి పుస్తకము’ సంస్థవారు తెలుగు, ఇంగ్లీషు రెండును ఒకే పుటలోనుండు బొమ్మల పుస్తకములను తక్కువ వెలకు అందించుచున్నారు. ప్రథమ్ బుక్స్ వారు వాతావరణ శాస్త్రజ్ఞురాలు అన్నా మణిని గూర్చి బొమ్మల పుస్తకము తెచ్చిరి. ఎనిమిదవ పుట్టినరోజున వజ్రపు చెవికమ్మలు ఇవ్వబోగా, వద్దు, విజ్ఞాన సర్వస్వము కొనిపెట్టుడని అడిగిన బాలిక ఆమె. ఒక చిన్న సంఘటనలో మనిషి యంతయు కనిపించుట యనగా ఇదియే.

రెండు భాషల పుస్తకమును మేము ప్రత్యేకముగ కోరుచున్నాము. అందు తెలుగు వాక్యము ఇంగ్లీషు వాక్యమునకు నీడవలె నుండరాదు. నోట పలికినపుడు సాఫీగా సాగవలెను. మేము రేడియోలో పనిచేయువారము గనుక ఒక పరీక్ష చెప్పగలము. వ్రాసినదానిని గట్టిగా చదివి, ఊపిరి ఆగిన చోటనెల్ల వాక్యమును విఱువవలెను. అచ్చులోను మెలకువ కావలెను. తెలుగు అక్షరమునకు పైన గుడియు, క్రింద వత్తును ఉండును. పంక్తులు ఇఱుకైనచో పిల్లల కన్నులకును, వృద్ధుల కన్నులకును ఒకే విధముగ కష్టము. పెద్ద అక్షరములు, ఎడమైన పంక్తులు, తక్కువ మాటలు ఈ పుస్తకమునకు తగినవి.

ఇక ఆ ఆదివారపు ముచ్చట ముగించి సెలవు తీసికొందుము. రోడ్డు పేరు మనిషి పేరేనని చెప్పి, మేము బాలునికి నాలుగు గంటల దీపపు కథ చెప్పితిమి. నందిగామ పేరు వినగనే నాయనమ్మ పత్రిక మడిచి ప్రక్కన పెట్టెను. “మా నందిగామలో చదివాడా, నాయనా!” అని దగ్గఱకు జరిగినది. బాలుడు కొంతసేపు ఆలోచించి, “తెల్లారాక దీపం ఎవరు ఆర్పేవాళ్ళు?” అని అడిగెను. పుస్తకములలో దానికి జవాబు లేదు. నాయనమ్మ మాత్రము వెంటనే, “మా ఇళ్ళల్లో అయితే అమ్మే ఆర్పేది. నూనె వృథా కాకూడదు కదా” అనెను. కరెంటులేని రోజులలో తాను చదువుకొన్న తీరు, దీపపు మసి ముక్కుకు అంటుట, తమ్ముడు దానిని చూచి నవ్వుట, ఇట్లు ఒకటి వెంట నొకటి చెప్పసాగెను. ఆ మనుమడు ఈ కథలను అంతకుముందు వినలేదు, ఎవరును అడుగలేదు.

మేము లేచునప్పటికి నాలుగు తెల్లకాగితములు మడిచి పుస్తకముగ కుట్టిరి. బాలుడు పసుపు రంగుతో దీపమును వేసెను. దానిక్రింద నాయనమ్మ పెద్ద అక్షరములతో, “అమ్మ దీపము వెలిగించింది” అని వ్రాసినది. బాలుడు ఒక్కొక్క అక్షరముమీద వ్రేలుంచి, ఆమె పలికినట్లు పలుకుచుండగా మేము చెప్పులు తొడుగుకొంటిమి. శ్రోతలలో ఏ ఇంటనైనను ఇట్టి పుస్తకము ఒకటి తయారైనచో మా ప్రసంగము సార్థకము. మంచి ప్రచురణకర్తలు పూనుకొని, ఆ కుట్టిన కాగితములకు మాఱుగా మంచి అచ్చు పుస్తకమును ఆ చేతులలో పెట్టుదురని ఆశించుచున్నాము.